పిట్స్‌బర్గా, బెంటన్‌విల్లా, డిమోయినా? ఆఫర్ లెటర్ కాసేపు పక్కన పెట్టి చూడండి

పోయిన నెల మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మూడు ఆఫర్లు వచ్చాయి. జీతాల్లో పెద్ద తేడా లేదు. పిట్స్‌బర్గ్, బెంటన్‌విల్, డిమోయిన్. నువ్వు మూడు ఊళ్ళలోనూ ఉన్నావు కదా, ఏదో ఒకటి తేల్చి చెప్పు" అన్నాడు. వాడు ఉండేది న్యూజెర్సీలో. భార్య, మూడేళ్ళ పాప. వాడి లెక్కలో న్యూజెర్సీ, డాలస్, బే ఏరియా పోగా మిగిలిన అమెరికా అంతా విమానం కిటికీలోంచి కనబడే పొలాలే.

మూడు ఊళ్ళలో ఉన్న మాట నిజమే. చదువూ మొదటి ఉద్యోగమూ కలిపి పిట్స్‌బర్గ్‌లో ఆరేళ్ళు, ఆ తర్వాత బెంటన్‌విల్‌లో పద్నాలుగు నెలలు. డిమోయిన్‌లో ఇది ఐదో ఏడు. (ఇంగ్లీషులో డిమోయిన్‌కి రెండు ఎస్‌లు రాస్తారు, ఒక్కటీ పలకరు. వచ్చిన కొత్తలో రెండూ పలికి నవ్వులపాలయ్యాను.) వాడికి ఫోన్లో చెప్పినవీ, ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చినవీ కలిపి రాస్తున్నాను. ఇలాంటి మూడు ఊళ్ళ మధ్య ఊగిసలాడుతున్న వాళ్ళకి పనికొస్తుంది.

ముందు సైజు సంగతి. 2020 జనాభా లెక్కల్లో పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ ఊరు 3 లక్షల చిల్లర, శివార్లన్నీ కలిపితే 23 లక్షలు దాటుతుంది. డిమోయిన్ 2.14 లక్షలు, శివార్లతో 7 లక్షల పైచిలుకు. అంటే వరంగల్ కన్నా చిన్నది, అయినా అయోవా రాష్ట్రానికి రాజధాని. ఆర్కన్సాలోని బెంటన్‌విల్ ఒక్కటే అయితే 54 వేలే. పక్కనే ఆనుకుని ఉన్న రోజర్స్, స్ప్రింగ్‌డేల్, ఫయెట్‌విల్‌లతో కలిపి ఐదున్నర లక్షల దాకా వస్తుంది, అక్కడివాళ్ళు కూడా నాలుగూళ్ళనీ ఒక్కటిగానే చూస్తారు. మూడూ "మిడ్ సైజ్" అనే మాట కిందికే వస్తాయి గానీ, ఒకదానికొకటి పోలిక లేదు.

రెండో ఉద్యోగం ఎక్కడ?

మనవాళ్ళు ఊళ్ళని పోల్చేటప్పుడు అద్దె ఎంత, ఇల్లు ఎంత, దోసె దొరుకుతుందా అని మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇప్పుడైతే మొదట అడిగేది ఒకటే: ఈ ఉద్యోగం పోతే, ఇల్లు మారకుండా రెండో ఉద్యోగం దొరుకుతుందా?

బెంటన్‌విల్‌లో నా కాంట్రాక్టు ఒక గురువారం మధ్యాహ్నం పోయింది. నన్ను కాంట్రాక్టు మీద పెట్టిన మధ్యవర్తి (వెండరు) కంపెనీకే ప్రాజెక్టు చేజారింది, వాళ్ళ పేరు ఇప్పుడు అనవసరం. పావుగంట ఫోన్ కాల్, శుక్రవారం లాప్‌టాప్ అప్పగింత, అంతే. హెచ్‌-1బీ (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే దొరికేది గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఉండటానికి ఇచ్చిన అనుమతి) గడువు ముందే తీరిపోతే ఇంకా తక్కువ. ఆ వారాంతం నాకు తెలిసిన ప్రతి రిక్రూటర్‌కీ ఫోన్ చేశాను. కంపెనీల పేర్లు పది చెప్పారు గానీ, "క్లయింట్ ఎవరండీ" అని అడిగితే చివరికి మూడు నాలుగు పేర్లే తేలాయి. ఆ ప్రాంతంలో పెద్ద దిక్కు వాల్‌మార్ట్. స్ప్రింగ్‌డేల్‌లో మాంసం కంపెనీ టైసన్ ఫుడ్స్, లోవెల్‌లో లారీల కంపెనీ జేబీ హంట్, ఫయెట్‌విల్‌లో యూనివర్సిటీ. వాల్‌మార్ట్‌కి సరుకు అమ్మే పెద్ద కంపెనీలు కూడా అక్కడ ఆఫీసులు పెట్టుకున్నాయి, కానీ వాటిలో ఎక్కువ సేల్స్ ఉద్యోగాలే. ఒక చోట నియామకాలు ఆపారంటే ఊరంతటికీ చలి పట్టుకుంటుంది.

నాకు 41వ రోజున డిమోయిన్‌లో దొరికింది. లీజు మధ్యలో వదిలినందుకు రెండు నెలల అద్దె జరిమానా కట్టి, అద్దె ట్రక్కులో సామానేసుకుని, దాదాపు 400 మైళ్ళు ఉత్తరానికి నడుపుకుంటూ వచ్చాం.

డిమోయిన్ చూడటానికి నిద్రపోతున్నట్టుంటుంది గానీ ఇన్సూరెన్స్ కంపెనీలకి పుట్టిల్లు లాంటిది. ప్రిన్సిపల్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఇక్కడే. పక్కనే జాన్‌స్టన్‌లో జాన్ డీర్ వాళ్ళ ఫైనాన్స్ విభాగం, విత్తనాల కంపెనీ కార్టీవా ఉన్నాయి. రాజధాని కాబట్టి రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టులు వీటికి అదనం. జీతాలు ఆకాశంలో ఉండవు, పనీ పాతకాలపుదే. మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ వచ్చినవాళ్ళకి ఇంకా మర్యాద ఉన్న ఊరు ఇది. కానీ ఒకరు తీసేస్తే మరొకరి దగ్గరికి అదే వీధిలోంచి వెళ్ళొచ్చు. మా టీంలో ముగ్గురు అలా మారినవాళ్ళే.

ఈ విషయంలో మూడింటిలోకీ పిట్స్‌బర్గ్‌దే పైచేయి. 1980లలో ఉక్కు కంపెనీలు కూలిపోయి ఊరు సగం ఖాళీ అయినంత పనైంది. ఆ దెబ్బ తర్వాత ఒకే పరిశ్రమని నమ్ముకోకుండా ఆస్పత్రులూ యూనివర్సిటీలూ బ్యాంకుల మీద లేచింది. యూపీఎంసీ ఆస్పత్రుల సంస్థ, పీఎన్‌సీ బ్యాంకు, కార్నెగీ మెలన్, పిట్ యూనివర్సిటీలు, గూగుల్ ఆఫీసు, భాషలు నేర్పే యాప్ డ్యుయోలింగో అన్నీ ఒక ఊళ్ళోనే. మెషిన్ లెర్నింగ్, రోబోటిక్స్ వైపు ఉన్నవాళ్ళయితే మిగతా రెండూళ్ళ గురించి చదవడం ఇక్కడే ఆపేయొచ్చు.

ఇందులో గ్రీన్‌కార్డు మెలిక కూడా ఉంది. గ్రీన్‌కార్డుకి మొదటి మెట్టుగా కంపెనీ వేసే పెర్మ్ దరఖాస్తు ఆ ఉద్యోగానికీ ఆ ప్రాంతానికీ కట్టేసి ఉంటుంది. అదే కంపెనీలో ఉంటూ వేరే నగర ప్రాంతానికి మారినా హెచ్‌-1బీకి అమెండ్‌మెంట్ (సవరణ దరఖాస్తు) వేయాలి. ఐ-140 (పెర్మ్ తర్వాతి మెట్టు) వచ్చాక కంపెనీ మారితే ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు క్యూలో మీ చోటు, మీ వెంట వస్తుంది గానీ పెర్మ్ మళ్ళీ మొదటి నుంచి. కాబట్టి "రెండేళ్ళు ఉండి చూద్దాం, నచ్చకపోతే మారిపోదాం" అన్నది నోటితో అన్నంత తేలిక కాదు.

రెండో మనిషి

మా తమ్ముడు అరగంట మాట్లాడాడు. అందులో మా మరదలు ఏం అంటోందో ఒక్క ముక్క లేదు. అడిగితే "తనకేముంది అన్నయ్యా, ఎక్కడైనా సర్దుకుంటుంది" అన్నాడు. ఇక్కడ నాకు కొంచెం కోపం వచ్చింది. ఎందుకంటే నేనూ అదే మాట అన్నాను ఒకప్పుడు.

ఉద్యోగానికి వెళ్ళేవాడికి ఏ ఊరైనా ఆఫీసే. ఊళ్ళో నిజంగా బతికేది ఇంట్లో ఉండే మనిషి. హెచ్‌-4 (హెచ్‌-1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం చెయ్యాలంటే మామూలుగా భర్తకో భార్యకో ఐ-140 అయి ఉండాలి, ఆ పైన ఈఏడీ (పని చేసుకునే అనుమతి) రావాలి. 2015 నుంచి ఉన్న పద్ధతి ఇది. అది వచ్చేదాకా చేతిలో ఉండేవి రెండే: కాళ్ళు, డ్రైవింగ్ లైసెన్సు.

పిట్స్‌బర్గ్‌లో మేం స్క్విరల్ హిల్‌లో ఉండేవాళ్ళం. ఇంటి నుంచి ఏడు నిమిషాలు నడిస్తే లైబ్రరీ, దాని ముందే 61సీ బస్సు. మా ఆవిడ ఇండియా నుంచి వచ్చిన మూడో వారానికే ఒంటరిగా బస్సెక్కి డౌన్‌టౌన్ వెళ్ళొచ్చింది. లైబ్రరీలో ఇంగ్లీషు మాట్లాడుకునే గుంపులో చేరింది. అక్కడే ఒక ఉక్రెయిన్ పెద్దావిడ స్నేహమైంది, ఇద్దరూ పచ్చళ్ళు మార్చుకునేవాళ్ళు. వాళ్ళకీ ఊరబెట్టిన కూరగాయల పిచ్చి ఉంది, తెలుసా! కారు లేకుండా కూడా మనిషిలా బతకొచ్చు అనిపించే పేటలు ఆ ఊళ్ళో నాలుగైదు ఉన్నాయి. ఓక్‌లాండ్, షేడీసైడ్, స్క్విరల్ హిల్ అలాంటివి. క్రాన్‌బెర్రీ వైపు శివార్లకి వెళ్ళారా, ఆ వెసులుబాటు పోయినట్టే.

బెంటన్‌విల్‌లో ఒకటే కారు, అది నాతో ఆఫీసుకి వచ్చేది. బస్సుల్ని నమ్ముకుంటే పని జరగదు. అపార్ట్‌మెంట్ నిండా తెలుగువాళ్ళే, సాయంత్రం పిల్లల ఆటస్థలం దగ్గర నిలబడితే చీరాల నుంచి సిరిసిల్ల దాకా అన్ని యాసలూ వినబడేవి. అంత జనం మధ్యలో ఉన్నా పగటిపూట మా ఆవిడకి వెళ్ళడానికి చోటు లేదు. ఆమెని ఆదుకున్నది క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం. 2011లో వాల్‌మార్ట్ కుటుంబానికి చెందిన ఆలిస్ వాల్టన్ కట్టించింది, అడవిలో వాగు మీద వంతెనల్లాగా ఉంటుంది, ప్రవేశం ఉచితం. మా అపార్ట్‌మెంట్ నుంచి కాలిబాట ఉండేది. బాబుని స్ట్రోలర్‌లో వేసుకుని వారానికి మూడుసార్లు వెళ్ళేది. బొమ్మల ముందు కూర్చుని ఉల్లిపాయ పకోడీల గురించి మా అత్తయ్యతో వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే అక్కడి గార్డు నవ్వుకునేవాడట. సైకిళ్ళూ నడకలూ ఇష్టమైనవాళ్ళకి ఆ ఊరు స్వర్గం, అందులో అనుమానం లేదు. అడవిలో సైకిలు బాటలు అంత పద్ధతిగా వేసిన ఊరిని నేను ఇంకెక్కడా చూడలేదు.

డిమోయిన్‌కి వచ్చాక మొదటి నెలలోనే పాత రెండో కారు కొన్నాం. ఇది ఇరవై నిమిషాల ఊరు. ఎక్కణ్ణుంచి ఎక్కడికైనా అంతే, ట్రాఫిక్ అంటే సిగ్నల్ దగ్గర ఎనిమిది కార్లు. రోడ్లు గళ్ళ నోటుబుక్కు గీతల్లా తిన్నగా ఉంటాయి కాబట్టి కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. పిట్స్‌బర్గ్‌లో అయితే కొండలు, సొరంగాలు, 446 వంతెనలు. పైగా సిగ్నల్ పచ్చబడగానే ఎదుటివాడు ముందు ఎడమకి తిరిగిపోతాడు, మనం ఆగి దారివ్వడం అక్కడి మర్యాద. మా ఆవిడ ఇక్కడ లైసెన్సు తీసుకుని, ఆంకెనీలోని కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ కోర్సు చేసింది. హెచ్‌-4 మీద చదువుకోవడానికి అడ్డం లేదు. ఈఏడీ వచ్చేసరికి చేతిలో సర్టిఫికెట్ సిద్ధంగా ఉంది.

చలి గురించి నిజాలు

చలికాలం మూడుచోట్లా ఉంది గానీ మూడు రకాలు. పిట్స్‌బర్గ్‌లో చలి కన్నా మబ్బు చంపుతుంది. సూర్యుడు నవంబర్‌లో సెలవు పెట్టి మార్చిలో డ్యూటీలో చేరతాడు. మంచు పడ్డ రోజు వీధిలో మీరు పార పట్టి తవ్వుకున్న పార్కింగ్ చోటులో ఒక పాత కుర్చీ వేసి వెళ్తే ఎవరూ అక్కడ కారు పెట్టరు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్న జాతి మనది, ఆ న్యాయం అర్థం కావడానికి నాకు నిమిషం పట్టలేదు.

డిమోయిన్‌లో ఎండ కాస్తుంది, కానీ ఆ ఎండకి వేడి ఉండదు. జనవరిలో రాత్రి సగటున మైనస్ పది సెల్సియస్ దగ్గర ఉంటుంది, గాలి వీస్తే ముఖం మీద బ్లేడుతో గీసినట్టే. ఆపడానికి కొండ లేదు, చెట్టు లేదు, అన్నీ మొక్కజొన్న పొలాలే. డౌన్‌టౌన్‌లో మాత్రం భవనాల్ని కలుపుతూ గాజు వంతెనలు నాలుగు మైళ్ళ దాకా ఉన్నాయి, జనవరిలో కూడా కోటు లేకుండా భోజనానికి వెళ్ళొస్తాం. బెంటన్‌విల్ చలి మన కళ్ళకి మామూలుదే. ఏడాదికి రెండు మూడుసార్లు ఐస్ పడి ఊరంతా మూతబడుతుంది, అంతే.

టోర్నడోల మాట ఎవరూ ముందు చెప్పరు. 2024 మే 26 తెల్లవారుజామున రోజర్స్ మీదుగా టోర్నడో వెళ్ళింది, అక్కడి నా స్నేహితుడికి వారం రోజులు కరెంటు లేదు. దానికి ఐదు రోజుల ముందే డిమోయిన్‌కి గంట దూరంలోని గ్రీన్‌ఫీల్డ్ అనే చిన్న ఊరిని ఇంకో టోర్నడో తుడిచిపెట్టినంత పని చేసింది. తేడా ఎక్కడంటే, అయోవాలో దాదాపు ఇల్లిల్లుకీ బేస్‌మెంట్ ఉంటుంది, సైరన్ మోగితే కిందికి దిగిపోతాం. ఆర్కన్సాలో చాలా ఇళ్ళకి ఉండదు. అక్కడ ఇల్లు చూడ్డానికి వెళ్తే గ్రానైట్ కౌంటర్ సంగతి తర్వాత, సైరన్ మోగితే ఎక్కడ దాక్కోవాలో ముందు అడగండి.

పన్ను, అద్దె

ఇది క్లుప్తంగా. ఫెడరల్ పన్ను అందరికీ ఒకటే. పెన్సిల్వేనియా రాష్ట్రం 3.07 శాతం తీసుకుంటుంది. పిట్స్‌బర్గ్ ఊళ్ళో ఉంటే ఊరికీ స్కూళ్ళకీ కలిపి జీతం మీద ఇంకో 3 శాతం. లక్ష డాలర్ల జీతానికి మొత్తం ఆరు వేల పైనే. శివార్లలో ఆ 3 చాలాచోట్ల 1 అవుతుంది, అందుకే పిల్లలు పుట్టగానే మనవాళ్ళు శివార్లకి పారిపోతారు. అయోవాలో 2025 నుంచి అందరికీ 3.8 శాతమే, ఊరి పన్ను లేదు. ఆర్కన్సాలో పై శ్లాబు 3.9. మూడుచోట్లా అద్దెలు న్యూజెర్సీ ముందు నవ్వులాటే. మేం వెస్ట్ డిమోయిన్‌లో రెండు బెడ్‌రూముల ఇంటికి 1,350 డాలర్లు కట్టాం మొదటి రెండేళ్ళు. అద్దె తక్కువని రెండో కారు ఖర్చు మర్చిపోకండి. కారు వాయిదా, ఇన్సూరెన్స్, పెట్రోలు కలిపితే మిగిలిందనుకున్న దాంట్లో సగం అక్కడికే పోతుంది.

అమ్మా నాన్నా వస్తే

హైదరాబాద్ నుంచి బెంటన్‌విల్‌కో డిమోయిన్‌కో ఒక్క మార్పుతో రావడం తేలిక కాదు. మా అమ్మ ఒక ఫిబ్రవరిలో షికాగో దాకా బాగానే వచ్చింది, మంచు వల్ల డిమోయిన్ విమానం రద్దయింది. నేను ఐదు గంటలు నడుపుకుంటూ వెళ్ళి తెచ్చుకున్నాను. తిరుగుదారిలో మూడు గంటలసేపు కిటికీలోంచి చూసి, చివరికి "ఇంత భూమి ఉంది, మనుషులేరిరా?" అంది. మంచు కరిగాక పెరట్లో పిడికెడు మట్టి తీసి నలిపి చూసింది. నల్లగా, మెత్తగా ఉంది. "ఇది బంగారం" అని, మే నెల సగం దాటాక గోంగూర, దోస, సొర విత్తనాలు వేసింది. ఆగస్టుకల్లా గోంగూర మా నడుము దాటింది. మా వీధిలోని పదకొండు తెలుగిళ్ళకీ పంచాం, ఇంకా మిగిలితే పచ్చడి పెట్టింది. కరివేపాకు మాత్రం కుండీలోనే, అక్టోబర్ రాగానే ఇంట్లోకి. ఇండియన్ స్టోర్‌లో అది శుక్రవారం ట్రక్కు వస్తేనే దొరుకుతుంది, శనివారం మధ్యాహ్నానికి అయిపోతుంది.

గుడి విషయంలో పిట్స్‌బర్గ్‌ని కొట్టేది లేదు. పెన్ హిల్స్ కొండ మీది వెంకటేశ్వరస్వామి గుడి 1970లలో కట్టింది, ఈ దేశంలోని పాత గుళ్ళలో ఒకటి. పక్క రాష్ట్రాల నుంచి కార్లేసుకుని వస్తారు. నాకు మటుకు అక్కడి పులిహోర రుచి ఇంకా నాలుక మీదే ఉంది. డిమోయిన్‌వాళ్ళ గుడి మాడ్రిడ్ అనే పల్లెలో, పొలాల మధ్య, ఏమ్స్ యూనివర్సిటీ పిల్లలకీ మాకూ మధ్యస్థంగా ఉంటుంది. బెంటన్‌విల్‌లో గుడి ఊళ్ళోనే. ఉగాదికి మూడుచోట్లా ఏదో ఒక స్కూలు ఆడిటోరియం, అదే పాట్‌లక్, అదే మైకు గోల.

మరి ఎవరు ఎక్కడికి?

పెళ్ళి కాని కుర్రాళ్ళు, కారు వద్దనుకునేవాళ్ళు, కొత్త టెక్నాలజీలో పైకి పోదామనుకునేవాళ్ళు మబ్బుకి భయపడకుండా పిట్స్‌బర్గ్ వెళ్ళండి. గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో చేతిలో ఉండి, పిల్లలకి బయట తిరుగుడు అలవాటు చెయ్యాలనుకునేవాళ్ళకి బెంటన్‌విల్ చాలా మంచి ఊరు. నేరుగా వాల్‌మార్ట్ ఫుల్‌టైం ఉద్యోగమైతే హెచ్‌-1బీ వాళ్ళు కూడా ఆలోచించొచ్చు. వెండరు ద్వారా కాంట్రాక్టు అయితే నేను మాత్రం పంపను. నా గురువారం నాకింకా గుర్తుంది. వీసా మీద ఉండి, పిల్లలు చిన్నవాళ్ళై, ఇద్దరిలో ఒకరికి ఇంకా ఉద్యోగం రానివాళ్ళకి డిమోయిన్. బోరు కొడుతుంది. ఒప్పుకుంటాను. ఆగస్టులో రాష్ట్ర జాతరలో వెన్నతో చేసిన ఆవు బొమ్మని చూడ్డానికి క్యూ కట్టడమే మాకు పెద్ద వినోదం. ప్రతి వారాంతం తెలుగు సినిమా, నాలుగు రకాల బిర్యానీ కావాలంటే ఈ మూడూ వద్దు, డాలస్ వెళ్ళండి, అదీ తప్పేం కాదు.

ఏది ఎంచుకున్నా సంతకం పెట్టే ముందు ఒకసారి వెళ్ళి చూడండి, అదీ చలికాలంలోనే. అక్టోబర్‌లో ఎర్రటాకులు చూసి వచ్చి పిట్స్‌బర్గ్‌కి సరే అన్నవాళ్ళు జనవరిలో నాకు ఫోన్ చేసి ఏడ్చారు. ఉద్యోగం చేసేవాళ్ళు ఆఫీసు చూస్తే సరిపోదు. ఒక మంగళవారం పగలు పదకొండింటికి పిల్లతో ఎక్కడికి వెళ్ళొచ్చో రెండో మనిషి వెళ్ళి చూడాలి.

నిన్న మళ్ళీ ఫోన్ వచ్చింది, ఈసారి మరదలి నుంచి. "బావగారూ, పాప స్కూలు ఎక్కడ, లైబ్రరీ ఎంత దూరం, డ్రైవింగ్ పరీక్ష కష్టమా" అని ఇరవై ప్రశ్నలు అడిగింది, మావాడు ఒక్కటీ అడగనివి. ముగ్గురూ ఈ నెల మూడో వారాంతం వస్తున్నారు. ఫోన్లో ఆ శనివారానికి మైనస్ పదహారు చూపిస్తోంది. వాయిదా వేసుకోమని నేను చెప్పలేదు. పాప సైజు స్నో బూట్లు మాత్రం కొనిపెట్టాం.